టాస్క్ 1లో మార్కులు పోయేది ఓవర్‌వ్యూ దగ్గరే

విదేశీ చదువులకు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్. దాని రైటింగ్‌లో మొదటి ప్రశ్న, అంటే టాస్క్ 1, గ్రాఫో, టేబులో, పై చార్టో, మ్యాపో, ఏదైనా తయారీ విధానం బొమ్మో ఇస్తుంది. కనీసం 150 పదాలు రాయాలి. ఉన్న గంటలో దీనికి 20 నిమిషాలే. టాస్క్ 2 విలువ దీనికి రెట్టింపు, ఇక్కడ అరగంట కూర్చుంటే అక్కడ ఎస్సే సగంలో ఆగిపోతుంది.

ఎక్కువమంది గ్రాఫ్ కనబడగానే ఎడమ చివర మొదలుపెట్టి 1980లో ఇంత, 1985లో ఇంత అని వరసగా అంకెలు దింపేస్తారు. ఇంగ్లీషు శుభ్రంగానే ఉంటుంది. కానీ ఓవర్‌వ్యూ, అంటే గ్రాఫ్ మొత్తంగా ఏం చెబుతోందో చెప్పే సారాంశం, స్పష్టంగా లేకుండా వివరాలు యాంత్రికంగా అప్పజెప్పడం టాస్క్ అచీవ్‌మెంట్‌లో (అడిగింది ఎంతవరకు చేశారో చూసే మార్కుల్లో) 9కి బ్యాండ్ 5 లక్షణం. అందుకే పెన్ను పట్టేముందు మూడు నిమిషాలు చూడటానికే కేటాయించండి.

ఏం చూడాలి? ఒక అభ్యాసం కల్పించుకుందాం. వంటకు ఏ ఇంధనం వాడే ఇళ్లు ఎంత శాతమో చూపే లైన్ గ్రాఫ్. 1980లో కట్టెలు 60, కిరోసిన్ 30, గ్యాస్ 10. 2010కి కట్టెలు 20, కిరోసిన్ 25, గ్యాస్ 55. ముందు యూనిట్ చూడండి: ఇది ఇళ్ల శాతం, ఇళ్ల సంఖ్య కాదు. తర్వాత మొదట్లో ఎవరు పైన, చివర్లో ఎవరు పైన, ఏ గీత దేన్ని దాటింది, ఏది పెద్దగా కదల్లేదు. ఓవర్‌వ్యూ ఇక్కడే దొరికింది: కట్టెల వాడకం బాగా పడిపోయింది, గ్యాస్ చివరి నుంచి మొదటికి వచ్చింది, కిరోసిన్‌లో మార్పు తక్కువ. దీన్ని 'ఓవరాల్' అని మొదలుపెట్టి రెండు వాక్యాల్లో, అంకెలు లేకుండా, పరిచయ వాక్యం కిందే రాసేయండి. చివర్లో రాద్దామని అట్టిపెడితే టైమ్ అయిపోయి అదే మిగిలిపోతుంది.

పరిచయం ఒక్క వాక్యం చాలు, అదీ మీ మాటల్లో. ప్రశ్నలోంచి ఎత్తి రాసిన పదాలు లెక్కలోకి రావు. 'ది గ్రాఫ్ బిలో' అని రాయకండి, మీ జవాబు కింద గ్రాఫ్ ఉండదు కదా.

తర్వాత రెండు పేరాలు. మన ఇంధనాల గ్రాఫ్‌కైతే ఒకదాంట్లో గ్యాస్, కట్టెలు కలిపి, రెండోదాంట్లో కిరోసిన్. ఎదురెదురుగా కదిలిన గీతలు ఒకే పేరాలో ఉంటే పోలిక దానంతటదే వస్తుంది. అన్ని అంకెలూ అక్కర్లేదు. మొదలు, చివర, శిఖరం, రెండు గీతలు కలిసిన చోటు చాలు. గ్యాస్ ఎందుకు పెరిగిందో మీకు తెలిసినా రాయొద్దు. గ్రాఫ్‌లో లేని కారణం జవాబులోనూ ఉండకూడదు.

ఇక తెలుగులో ఆలోచించి రాసేవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బలు. మనం 'విద్యార్థులు పెరిగారు' అంటాం, తప్పులేదు. 'స్టూడెంట్స్ ఇంక్రీజ్డ్' అని రాస్తే మాత్రం కుదరదు, 'ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఇంక్రీజ్డ్' అనాలి. శాతాలైతే నంబర్ తీసి పర్సెంటేజ్ పెట్టాలి. 'బిట్వీన్ 1980 టు 2010' మన దగ్గర ఎక్కడ చూసినా కనిపిస్తుంది. బిట్వీన్ పక్కన అండ్, ఫ్రమ్ పక్కన టు.

టు, బై దగ్గర మన భాషే సాయపడుతుంది. '20 శాతానికి తగ్గింది'లో 'కి' వినబడితే టు. '40 తగ్గింది' అని 'కి' లేకుండా వస్తే బై. ఇంకో మెలిక: గ్యాస్ 10 నుంచి 55కి వెళ్తే పెరిగింది 45 పర్సెంటేజ్ పాయింట్లు, 45 శాతం కాదు. 10కి 45 శాతం పెరిగితే 14.5 అవుతుంది.

లక్షలు, కోట్లు వాడకండి. 25 లక్షలను 2.5 మిలియన్ అని రాయండి. టేబుల్ పైన 'ఇన్ థౌజండ్స్' అని ఉంటే 250 అంటే రెండున్నర లక్షలు. అది గమనించకపోతే జవాబులో ప్రతి అంకే తప్పు.

కాలాలు: గడిచిన సంవత్సరాలకు పాస్ట్ టెన్స్. సంవత్సరమే లేకపోతే ప్రెజెంట్. ముందు రాబోయే ఏళ్లుంటే 'ఈజ్ ప్రొజెక్టెడ్ టు'. తయారీ విధానానికి ప్రెజెంట్ పాసివ్.

170 నుంచి 190 పదాల దగ్గర ఆపి, మిగిలిన రెండు మూడు నిమిషాల్లో ప్రతి అంకెనూ మళ్లీ గ్రాఫ్‌తో సరిచూసుకోండి.