పాత డీజిల్ బండికి థర్మోస్టాట్: 82 వేయాలా, 88 వేయాలా, తీసేయాలా?

ఎండకాలంలో పాత సుమో, క్వాలిస్, ఇండికా ఏది వేడెక్కినా మెకానిక్ షెడ్డులో ముందు పీకేది థర్మోస్టాట్ వాల్వే, అంటే ఇంజిన్ నీళ్లు వేడెక్కేదాకా వాటిని రేడియేటర్‌కు పోకుండా ఆపే వాల్వ్. "మన ఎండలకు ఇదెందుకు సార్" అంటారు. మే నెలలో రామగుండం ఎండ తెలిసినవాళ్లకు ఆ మాట సబబుగానే తోస్తుంది. కానీ వాల్వ్ తీసేస్తే అసలు రోగం అలాగే ఉంటుంది, ఇంజిన్‌కు కొత్త రోగం తగులుకుంటుంది.

వాల్వ్ మీద కొట్టి ఉండే 82 అనే అంకె, అది తెరుచుకోవడం మొదలుపెట్టే వేడి, డిగ్రీల సెల్సియస్‌లో. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10 నుంచి 15 డిగ్రీలు కావాలి. అంటే ఇంజిన్ ఎంతకన్నా చల్లబడకూడదో చెప్పేది థర్మోస్టాట్. ఎంతకు మించి వేడెక్కకూడదో చూసుకోవాల్సింది రేడియేటర్, ఫ్యాను, వాటర్ పంపు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే నీళ్లు 98 డిగ్రీలకు చేరాయనుకోండి. అప్పటికే 82 వాల్వ్ పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, 76 వాల్వ్ కూడా అంతే. ఇక రెండిటికీ తేడా ఏముంది? అందుకే "చల్లటి వాల్వ్" (తక్కువ అంకెది) వేస్తే బండి హీట్ కాదన్నది ఉత్త మాట. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడే వేడి చూపే మీటరు ముల్లు లేస్తుంటే ఫ్యాను, బెల్టు చూడండి. హైవే మీద స్పీడులో లేస్తుంటే రేడియేటర్ లోపల పూడుకుపోయిందేమో చూడండి.

తీసేస్తే ఏమవుతుంది? డీజిల్ ఇంజిన్ ఐడిలింగ్‌లో పెద్దగా వేడి పుట్టించదు. ఆదిలాబాద్ చలికాలపు పొద్దున వాల్వ్ లేని బండి పది కిలోమీటర్లు పోయినా ముల్లు కింది గీత దగ్గరే ఉంటుంది. డీజిల్ సరిగ్గా కాలదు, తెల్ల పొగ వస్తుంది, నాకింగ్ పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగిందంటే ఈ అనుమానం కూడా పెట్టుకోవాలి. రింగులు, లైనర్లు అరిగేది ఇలాగే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. చాలా ఇంజిన్లలో వాల్వ్ అడుగున రెండో బిళ్ల ఉంటుంది. పై బిళ్ల తెరుచుకునే కొద్దీ ఈ బిళ్ల కిందికి దిగి బైపాస్ దారి (రేడియేటర్‌కు పోకుండా నీళ్లు తిరిగి ఇంజిన్‌లోకే వెళ్లే దారి) మూస్తుంది. వాల్వే లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండా మళ్లీ ఇంజిన్‌లోకే తిరుగుతుంది. అలాంటి బండి చలికాలంలో చల్లగా, ఎండకాలం లోడు మీద మరింత వేడిగా నడుస్తుంది.

కాబట్టి కంపెనీ ఏ అంకె ఇస్తే అదే కొనండి. పాత మెకానికల్ పంపు ఇంజిన్లకు 82 దగ్గరి వాల్వులు ఎక్కువ. స్విఫ్ట్ 1.3 లాంటి కామన్ రైల్ బండ్లకు 88. వీటిలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, నీళ్ల వేడిని బట్టే డీజిల్ లెక్క వేస్తుంది కనుక తక్కువ అంకె అసలు పెట్టొద్దు. షాపుకు పాత వాల్వ్ చేత పట్టుకుని వెళ్లండి. అంచు వ్యాసం ఒక్కటే సరిపోతే చాలదు, మొత్తం ఎత్తు, అడుగు బిళ్ల సైజు కూడా కలవాలి. ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు తక్కువైనా ఆ బిళ్ల బైపాస్‌ను అందుకోదు.

కొత్తదైనా సరే బిగించే ముందు పరీక్షించండి. బిళ్లకూ, మూసుకున్నప్పుడు అది ఆనే సీటుకూ మధ్య దారం ఇరికించి, ఆ దారంతోనే వాల్వ్‌ను గిన్నె నీళ్లలో వేలాడదీయండి. గిన్నె అడుగుకు వాల్వూ తగలకూడదు, థర్మామీటరూ తగలకూడదు. సన్న మంట మీద కాచండి. 82 వాల్వ్ అయితే 80, 84 మధ్య దారం జారి వాల్వ్ గిన్నె అడుగున పడాలి. 95 దాటేసరికి బిళ్ల కనీసం 8 మిల్లీమీటర్లు లేవాలి. మంట తీసి చల్లారనిస్తే పూర్తిగా మూసుకోవాలి. వెలుతురుకు పట్టి చూస్తే సందు కనిపించే వాల్వ్‌ను షాపుకే తిరిగి ఇచ్చేయండి.

బిగించేటప్పుడు స్ప్రింగ్, మైనం గుండు (వేడికి లోపలి మైనం ఉబ్బి వాల్వ్‌ను తెరిచేది) ఉన్న వైపు ఇంజిన్‌లోకి పోవాలి. అంచు మీద కదిలే చిన్న పిన్ను ఉంటే అది పైకి రావాలి, గాలి పోయేది ఆ రంధ్రం గుండానే. పాత ప్యాకింగ్ మొత్తం గీకి కొత్తది వేయండి. అల్యూమినియం హౌసింగ్ కనుక బోల్టులను మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి, ఎం8 బోల్టుకు 20 న్యూటన్ మీటర్లు చాలు.

బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. మన బోర్ల నీళ్లలోని సున్నం వాల్వ్ కాడ మీద గట్టిగా పేరుకుని దాన్ని పట్టేస్తుంది. లీకు ఆగాలని పోసే పసుపు కూడా ముద్దకట్టి అదే పని చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలపండి. రేడియేటర్ మూతనూ ఇప్పుడే చూసుకోండి. 0.9 (బార్ ఒత్తిడి) అని ఉన్న మూత సరిగ్గా పట్టుకుంటే, కుక్కర్‌లో మాదిరే, మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు ఎండిపోయి ఉంటే ఎంత మంచి వాల్వ్ వేసినా నీళ్లు బయటికే.

నింపాక మూత తీసి ఉంచే, హీటర్ ఫుల్లు వేడి మీద పెట్టి, ఇంజిన్ నడవనివ్వండి. బుడగలు ఆగే దాకా నింపుతూ ఉండి, ఆ తర్వాతే మూత బిగించండి. వాల్వ్ పై పైపు వైపున ఉన్న బండిలో ఆ పైపును పట్టుకుని చూడండి, ఫ్యానుకు చెయ్యి దూరంగా ఉంచి. చాలాసేపు చల్లగా ఉండి, ముల్లు మధ్యకు వచ్చాక ఒక్కసారిగా కాలాలి. మొదటి నిమిషం నుంచే మెల్లగా వేడెక్కుతుంటే వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు. మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, తగ్గినంత మళ్లీ పోయండి.