మూలం నొక్కితే రమ్మీ వచ్చింది

2024 సెప్టెంబరులో ఒక ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు ఇంటర్ చదువుతున్నాడు. "మామయ్యా, వికీపీడియాలో మన ఊరి వ్యాసం రాసింది నువ్వేగా? అందులో మూడో మూలం నొక్కితే రమ్మీ ఆడమంటోంది" అన్నాడు. వెనకాల మా అక్క నవ్వడం వినిపిస్తోంది.

మూలమంటే వ్యాసంలో రాసిన మాటకి ఆధారంగా ఇచ్చే లింకు. ఆ మూలం నేను పెట్టిందే, 2011లో. చీరాల దగ్గర మా ఊరు. ఊళ్ళో ఒక పెద్దాయన మగ్గాల మీదా చెరువు మీదా ఓపిగ్గా రాసి, ఫోటోలు పెట్టి, సొంతంగా చిన్న సైటు నడిపేవారు. ఎప్పుడో ఆ సైటు పేరు గడువు తీరింది, ఆయన కట్టలేదు. ఇంకెవరో కొనుక్కుని అందులో జూదం దుకాణం పెట్టారు. ఊళ్ళో ఖాళీ స్థలం కబ్జా అయినట్టే ఇదీను. వికీపీడియాలాంటి చోట్ల నుంచి లింకులు ఉన్న పాత పేరంటే వాళ్ళకి రెడీమేడ్ గిరాకీ.

సరే, ఒక్కటే కదా అని కూర్చున్నాను. పక్కనున్న నాలుగో మూలం నొక్కితే అసలు సర్వరే దొరకలేదంది. ఐదోది నొక్కితే 404, అంటే ఆ పేజీ లేదని. ఆరోది బాగానే తెరుచుకుంది గానీ, చూస్తే ఆ సైటు మొదటి పేజీ. నేనిచ్చిన పేజీ ఎక్కడా లేదు. అన్నిటికన్నా మోసం చేసేది ఈ రకమే. పేజీ లేదని చెప్పకుండా మర్యాదగా లోపలికి పిలిచి వరండాలో కూర్చోబెడుతుంది. చచ్చిన లింకుల్ని వెతికి సరిచేయడానికి వికీపీడియాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ బాట్ అని, తనంతట తాను పనిచేసే ప్రోగ్రాము ఒకటి తిరుగుతూ ఉంటుంది కదా, అది చూసుకుంటుందిలే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. కానీ రమ్మీ పేజీ కూడా బాట్ కంటికి నిక్షేపంగా పనిచేస్తున్న పేజీయే. పేజీ తెరుచుకుందా లేదా అనేదే దానికి ముఖ్యం, లోపల ఏముందో చదవడం దాని పని కాదు.

నేను రాసిన వ్యాసాలు ఓ నలభై ఉంటాయి. ఒక నోటు పుస్తకం తీసుకుని రోజుకు రెండేసి చొప్పున మొదలుపెట్టాను.

మొదటి తప్పు మొదటి రోజే చేశాను. వెబ్ పేజీల పాత ప్రతుల్ని దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో మా పెద్దాయన సైటు చిరునామా వేస్తే చాలా ప్రతులు కనిపించాయి. కొత్తదైతే బాగుంటుందని అన్నిటికన్నా చివరిది తీసుకుని వ్యాసంలో అతికించేశాను. నొక్కి చూసుకుంటే మళ్ళీ రమ్మీయే! ఆ యంత్రానికి మంచీ చెడూ లేదు, ఎదురైనదల్లా దాచుకుంటుంది. దాచిన ఒక్కో ప్రతికీ ఉండే చిరునామాలో వరసగా పద్నాలుగు అంకెలు ఉంటాయి. సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. నేను ఆ పేజీ చూసిన తేదీ మూలంలోనే రాసి ఉంది కాబట్టి దానికి దగ్గరి ప్రతి ఎంచుకోవాలి. 2012 నాటిది తీసుకున్నాను. అసలు చిరునామా ఊరికే వదిలేస్తే చదివేవాళ్ళు మళ్ళీ అదే నొక్కుతారు కదా. దానికీ ఉపాయం ఉంది. మూలం వివరాలు నింపే మూసలో లింకు స్థితి దగ్గర 'యూసర్ప్‌డ్' అని రాస్తే, అంటే కబ్జా అయిందని చెబితే, అసలు లింకు కనపడదు, దాచిన ప్రతి ఒక్కటే కనిపిస్తుంది.

ఇంకో మూలం జిల్లా సైటుది, దాని సంగతి వేరు. అదివరకు జిల్లాల సైట్ల చిరునామాలు 'ఎన్ఐసీ డాట్ ఇన్'తో ముగిసేవి. తర్వాత 'ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్' కింద కొత్త సైట్లు వచ్చాయి. అది చాలదన్నట్టు 2022 ఏప్రిల్ 4న మా ఊరు ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. మా నాన్నగారు పుట్టినప్పుడు ఇదే ఊరు గుంటూరు జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు గానీ మూడు జిల్లాలు చూసింది. బాపట్ల సైటు లింకు పెట్టేస్తే పని అయిపోతుందనిపించింది. పెట్టబోయి ఆగాను. వ్యాసంలో ఉన్న వాక్యం 2001 జనాభా లెక్క. కొత్త సైటులో ఆ అంకె ఎక్కడుంది? బతికున్న లింకు పెట్టినంత మాత్రాన అది మన వాక్యానికి సాక్ష్యం చెప్పదు. దీనికీ పాత ప్రతే దిక్కయింది.

తెలుగు చిరునామాల గొడవ ఇంకో రకం. యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉన్న అక్షరాల పద్ధతిలో, ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, లింకులో వాటిని శాతం గుర్తులతో రాస్తే తొమ్మిది అక్షరాలు. నాలుగు మాటల శీర్షిక అతికిస్తే అర పేజీ అవుతుంది. నా లింకుల్లో ఒకటి ఎంత చూసినా సరిగ్గానే ఉంది గానీ తెరుచుకోదు. గంటన్నర పోయింది దానితో. చివరికి దొరికింది దొంగ. శీర్షికలో 'స్టేషన్‌రోడ్డు' అనే మాట ఉంది. ఆ 'న్'కీ 'రో'కీ మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉండాలి, లేకపోతే రెండూ కలిసిపోయి 'స్టేషన్రోడ్డు' అవుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికో అతికించడంలో ఆ కనిపించనిది రాలిపోయింది. సైటుకి అది వేరే పేజీ. గుర్తు పెట్టగానే ఠక్కున తెరుచుకుంది. నిజం చెప్పొద్దూ, కుర్చీలోంచి లేచి ఒకసారి ఇల్లంతా తిరిగొచ్చాను.

అక్టోబరు రెండో వారంలో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి సైటే ఆగిపోయింది. అప్పుడు పట్టుకుంది అసలు టెన్షన్. చచ్చిన లింకులన్నిటినీ తెచ్చి ఒకే చూరుకు కట్టాను, ఆ చూరే ఊడితే? కొన్ని రోజులకి పాత ప్రతులు చదువుకునే వీలు మాత్రం వచ్చింది, కొత్తవి దాచుకోవడానికి ఇంకొన్ని వారాలు ఆగాల్సి వచ్చింది.

ఆ ఖాళీలో, పాత పుస్తకాల్ని స్కాన్ చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు లింకులన్నీ ఒకచోట రాసి పెట్టుకున్నాను. ఆ సైటు ఆగిపోయి ఏళ్ళయింది, అదృష్టం కొద్దీ అక్కడి పుస్తకాలు చాలావరకు ఆర్కైవ్‌కి చేరాయి. కానీ వెతకడమే గగనం. పేర్లు ఇంగ్లీషు లిపిలో ఒక వింత పద్ధతిలో ఉంటాయి. దీర్ఘానికి 'ఏ' అక్షరం రెండుసార్లు, సున్నకి 'ఎన్' పక్కన పైన ఒక చుక్కలాంటి గుర్తు. 'ఆంధ్రుల' అని మనం మామూలుగా కొట్టినట్టు కొడితే దొరకదు. పాత లింకులో ఉన్న బార్‌కోడు సంఖ్యతో వెతకాలని తర్వాత తెలిసింది. పుస్తకం వివరాల్లో ఆ సంఖ్య ఉంటుంది. ఆర్కైవ్ తెరుచుకున్నాక నా ఏడు పుస్తకాల్లో ఐదు అలాగే దొరికాయి.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్నది ఒక దినపత్రిక వార్త. దాచిన ప్రతి ఉంది, తెరిస్తే అంతా పిచ్చి గీతలు. ఆ రోజుల్లో పత్రికలు యూనికోడ్‌లో ఉండేవి కావు, ఎవరి ఫాంటు వాళ్ళది. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించే 'పద్మ' అనే పొడిగింత, అంటే అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాము, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఉండేది. చేసింది వెన్న నాగార్జున గారు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినాయనే. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చాక పాత తరహా పొడిగింతలన్నీ మూలపడ్డాయి. అటక మీద నా పాత లాప్‌టాప్ గుర్తొచ్చింది. దాంట్లో ఆ పత్రిక ఫాంటు ఇంకా ఉంది! పేజీని పెన్‌డ్రైవులో వేసి అందులో తెరిచాను. బ్యాటరీ ఏనాడో పోయింది, ఛార్జరు వైరు ఒక కోణంలో పట్టుకుంటేనే బతికుంటుంది. ఎడమ చేత్తో వైరు పట్టుకుని చదివాను.

చదివి సిగ్గుపడ్డాను. మా ఊళ్ళో పన్నెండు వందల మగ్గాలున్నాయని వ్యాసంలో రాశాను. వార్తలో ఉన్నది మా ఊరూ చుట్టుపక్కల మూడు ఊళ్ళూ కలిపి అని. ఊరి మీద ప్రేమ కొద్దీ ఆ ముక్క నా కంటికి ఆననట్టుంది. పదమూడేళ్ళుగా ఆ అంకె అక్కడే కూర్చుంది. లింకు చావకపోతే నేను మళ్ళీ ఆ వార్త చదివేవాణ్ణే కాదు. వాక్యం దిద్ది, దిద్దుబాటు సారాంశంలో 'నా తప్పే' అని రాశాను.

డిసెంబరు నాటికి నలభై వ్యాసాలూ అయ్యాయి. పదకొండు లింకులకి ఎక్కడా ప్రతి దొరకలేదు, పనిచేయని లింకు అని మూస తగిలించి వదిలేశాను. ఇప్పుడు ఏ కొత్త లింకు ఇచ్చినా ముందు దాన్ని ఆర్కైవ్‌లో దాచి, ఆ తర్వాతే వ్యాసంలో పెడుతున్నాను. అర నిమిషం పని.

మేనల్లుడికి ఫోన్ చేసి మూడో మూలం నొక్కమన్నాను. "రమ్మీ పోయింది మామయ్యా, కానీ ఫోటోలు రావట్లేదు" అన్నాడు. నిజమే, అక్షరాలు దక్కాయి గానీ చెరువు ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపిస్తోంది. పెద్దాయనకి ఫోన్ చేశాను. ఫోటోలన్నీ సీడీల్లో భద్రంగా ఉన్నాయట, చూడటానికే ఇంట్లో ఏమీ లేదట. "నువ్వే వచ్చి తీసుకో నాయనా, ఎక్కడ పెట్టుకుంటావో పెట్టుకో" అన్నారు. వికీపీడియాకి ఫోటోలు దాచే కామన్స్‌లోకి ఎక్కించాలంటే ఆయన అనుమతి రాతపూర్వకంగా కావాలి, అది కూడా అడిగి ఒప్పించాను. అటక మీది లాప్‌టాప్‌కి సీడీ డ్రైవు ఉంది. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాలి. ఈలోగా ఆ ఛార్జరు వైరు సంగతి చూడాలి.