బడి దగ్గర క్రాస్‌వాక్ కోసం సిటీ కౌన్సిల్‌కి పోటీ: కాలిఫోర్నియాలో తెలుసుకోవాల్సినవి

పిల్లలు నడిచి వెళ్లే దారిలో క్రాస్‌వాక్ దగ్గర మెరిసే లైటు పెట్టించాలన్నా, పార్కు బాత్రూముకి తాళం ఎన్ని గంటలకు వేయాలో తేల్చాలన్నా, కొత్త ఇళ్లు కట్టే బిల్డర్ల నుంచి పార్కు స్థలం రాబట్టాలన్నా ఆ పని సిటీ కౌన్సిల్‌ది. పౌరసత్వం వచ్చాక మనవాళ్లు అధ్యక్ష ఎన్నిక గురించి గంటలకొద్దీ మాట్లాడతారు, ఊరి కౌన్సిల్ ఊసెత్తరు. పిల్లలున్న ఇంటికి రోజూ తగిలేది ఈ కౌన్సిల్ నిర్ణయాలే.

ముందుగా కౌన్సిల్ చేతిలో లేనిదేమిటో చూద్దాం. కాలిఫోర్నియాలో బడులు స్కూల్ డిస్ట్రిక్టు కిందకు వస్తాయి. దానికి బోర్డు వేరు, ఎన్నిక వేరు. మ్యాథ్ క్లాసులు పెంచుతామని కౌన్సిల్ అభ్యర్థి కరపత్రంలో రాస్తే, విషయం తెలిసిన ఓటరు దాన్ని అక్కడే పక్కన పడేస్తాడు. బడి గేటు బయటి వీధి మాత్రం సాధారణంగా సిటీదే. క్రాస్‌వాక్‌కి కార్లు వచ్చే వైపు 20 అడుగుల లోపు బండి ఆపకూడదని రాష్ట్ర చట్టం ఉంది. 2025 జనవరి నుంచి గుర్తులు లేని చోట కూడా టికెట్ రాయొచ్చు. ఆ 20 అడుగుల్లో పెద్ద ఎస్‌యూవీ ఆగి ఉంటే, దాని చాటు నుంచి రోడ్డెక్కే ఏడేళ్ల పిల్ల డ్రైవరుకి ఆఖరి క్షణం దాకా కనిపించదు. చట్టం ఉన్నా కర్బ్‌కి ఎర్ర రంగు లేకపోతే జనం ఆపుతూనే ఉంటారు. ఆ రంగుకీ లైటుకీ డబ్బు బడ్జెట్‌లో పడాలి. సిటీల ఆర్థిక సంవత్సరం సాధారణంగా జులై 1న మొదలవుతుంది కాబట్టి బడ్జెట్‌కి జూన్‌లోగా ఆమోదం పడుతుంది. పోటీ చేయాలనుకునేవాళ్లు రెండేళ్ల బడ్జెట్ పుస్తకాలు ముందేసుకుని, ఏ కూడలి పని ఎందుకు వాయిదా పడుతోందో పట్టుకోవాలి. హైదరాబాద్‌లో పుట్టి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయిన అరుణా మిల్లర్ రాజకీయాల్లోకి రాకముందు కౌంటీలో రవాణా ఇంజనీరు. అలాంటి లెక్కలు చేయగలవాళ్లు మనలో బోలెడంతమంది.

ఇక కాగితాలు. కింద చెప్పేవి ఫ్రీమాంట్, కూపర్టీనో లాగా రాష్ట్ర సాధారణ చట్టం వర్తించే ఊళ్ల లెక్కలు. శాన్ హోసే లాంటి చార్టర్ సిటీల్లో సొంత నియమాలుంటాయి, సిటీ క్లర్క్‌ని అడగాలి. 2026 నవంబరు 3 ఎన్నికకైతే నామినేషన్లు జులై 13న మొదలై ఆగస్టు 7న ముగుస్తాయి. పదవిలో ఉన్నవాళ్లు మళ్లీ దాఖలు చేయకపోతే మిగతావాళ్లకు మరో ఐదు రోజులు గడువిస్తారు. నామినేషన్ పత్రం తీసుకునే రోజుకే మీరు ఆ ఊళ్లో, కౌన్సిల్ డిస్ట్రిక్టుల (వార్డుల లాంటివి) వారీగా ఎన్నిక జరిగితే ఆ డిస్ట్రిక్టులో, నమోదైన ఓటరై ఉండాలి.

నామినేషన్ పత్రం మీద అక్కడి ఓటర్ల సంతకాలు కావాలి, కనీసం 20, గరిష్ఠం 30. ఇరవై చాలు కదా అని అక్కడితో ఆగకండి, ముప్ఫై తెండి. స్నేహితుడు అపార్టుమెంటు మారి ఓటరు చిరునామా మార్చుకోడు. ఇంకొకరి ఇల్లు పోస్టల్ చిరునామా ప్రకారం ఈ ఊరే, నిజానికి సిటీ హద్దు అవతల ఉంటుంది. భార్య పేరూ చిరునామా భర్తే రాసేస్తాడు, ఆమె స్వయంగా రాయాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు మొహమాటానికి సంతకం పెడతారు, వాళ్లు ఓటర్లు కారు. చివరి రోజు వెళ్తే, కొన్ని చెల్లలేదని తేలినా కొత్తవి తెచ్చే వ్యవధి ఉండదు. వారం ముందే ఇచ్చేయండి.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది డబ్బు దగ్గర. ఒక్క డాలరు తీసుకోకముందే, ఖర్చు పెట్టకముందే, పోటీ చేయాలనుకుంటున్నామని తెలిపే ఫారం 501 దాఖలు చేయాలి. రాబడి 2,000 డాలర్లకు చేరితే పది రోజుల్లో ఫారం 410తో ప్రచార కమిటీ నమోదు చేయాలి, దానికి విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి. మీ సొంత డబ్బైనా ముందు ఆ ఖాతాలో వేసి అక్కణ్ణుంచే ఖర్చు పెట్టాలి. 100 డాలర్లు, ఆపైన నగదు రూపంలో తీసుకోకూడదు. అంత ఇచ్చినవాళ్ల పేరు, చిరునామా, వృత్తి, కంపెనీ పేరు రాసుకోవాలి. ఈ వివరాలు 60 రోజుల్లో రాకపోతే డబ్బు వెనక్కివ్వాలి.

హెచ్‌1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4 వీసాల మీద ఉన్నవాళ్లు విరాళం ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఇండియాలోని బంధువులకీ అంతే. గ్రీన్‌కార్డు వాళ్లు ఇవ్వొచ్చు. వీసా వాళ్లు జీతం లేకుండా తలుపులు తట్టొచ్చు, ఫోన్లు చేయొచ్చు, కానీ ప్రచార డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే సంభాషణలో ఉండకూడదు. అందుకే వాట్సాప్ గ్రూపులో విరాళాల లింకు ఊరికే పడేయకండి, ఎవరు ఇవ్వొచ్చో దాని పక్కనే తెలుగులో రాయండి. పన్ను మినహాయింపు ఉన్న తెలుగు సంఘాన్ని మద్దతు ప్రకటించమని అడగడమూ తప్పే, ఆ సంఘానికే ముప్పు.

అభ్యర్థుల్లో, ముఖ్యంగా తల్లులలో, చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. ప్రచారం కోసం బయటికి వెళ్లినప్పుడు పిల్లల్ని చూసుకునే ఖర్చుకి ప్రచార నిధి వాడుకోవచ్చు. 2020 నుంచి కాలిఫోర్నియా చట్టం దీనికి ఒప్పుకుంటోంది.

తలుపులు తట్టడం సెప్టెంబరులో జోరందుకోవాలి. నమోదైన ప్రతి ఓటరుకీ బ్యాలెట్ ఇంటికే వస్తుంది, ఎన్నికకు 29 రోజుల ముందు నుంచి పంపుతారు. అంటే అక్టోబరు 5. ఆఖరి వారంలో వేసే కరపత్రాలు అప్పటికే ఓటేసేసిన చాలామంది చేతికి అందుతాయి. వాటిని స్టాంపు లేకుండా మెయిల్‌బాక్సులో పెట్టకూడదు, తలుపు దగ్గరే పెట్టాలి. ఓటర్ల జాబితా కౌంటీ రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతుంది. తెలుగు పేర్లున్న ఇళ్లకే తిరిగితే గెలవరు, అన్ని ఇళ్లకూ వెళ్లాలి.

ఉద్యోగం మానేసే అవకాశం ఎక్కువమందికి ఉండదు. రాష్ట్ర చట్టం అనుమతించే నెల జీతం జనాభాని బట్టి 950 నుంచి 3,200 డాలర్ల దాకా, అదీ కౌన్సిల్ ఆమోదిస్తేనే. సొంత ఆర్థిక ప్రయోజనాలు వెల్లడించే ఫారం 700లో, ఊళ్లో వ్యాపారం చేసే కంపెనీల్లో మీకున్న 2,000 డాలర్లు, ఆపై విలువైన షేర్లు చూపాలి. కంపెనీ ఇచ్చిన స్టాకూ అందులోకే వస్తుంది. మీ ఇంటికి 500 అడుగుల లోపు వచ్చే ప్రాజెక్టు మీద చాలావరకు ఓటు వేయకుండా తప్పుకోవాలి. ఐదుగురి కౌన్సిల్‌లో ముగ్గురు సిటీ విషయం వాట్సాప్‌లో చర్చించుకుంటే బహిరంగ సభల చట్టాన్ని ఉల్లంఘించినట్టే.

పౌరసత్వం ఇంకా రానివాళ్లకూ దారి ఉంది. 18 నిండిన కాలిఫోర్నియా నివాసి ఎవరైనా, వీసా ఏదైనా, పార్కులు, లైబ్రరీ లాంటి కమిషన్లలో నియామక పదవికి రాష్ట్ర చట్టం ప్రకారం అర్హులే. భత్యం ఇచ్చే పదవైతే హెచ్‌1బీ వాళ్లు లాయరుని అడిగాకే ఒప్పుకోవాలి. వచ్చే ఏడాది ఖాళీ అయ్యే స్థానాల జాబితాని ప్రతి సిటీ డిసెంబరు 31లోగా ప్రకటించాలి. దానికి సిటీ క్లర్క్‌నే అడగండి.