కరూసో కోసం మిలాన్ నుంచి నేపుల్స్ దాకా, మధ్యలో ఒక లక్క ప్లేటు

తెనాలిలో మా తాతయ్యకి ఒక గ్రామఫోన్ ఉండేది. కుక్క బొమ్మ ప్లేట్లు ఓ ముప్ఫై దాకా ఉండేవి, ఎక్కువ నాటకాల పద్యాలే, స్థానం నరసింహారావు గారి ప్లేటు పెట్టాలంటే మాత్రం తాతయ్య చేతులు కడుక్కుని వచ్చి కీ తిప్పి కొత్త ముల్లు వేసి, ఇంక ఎవరూ దగ్గకూడదు. అదిగో ఆ గరగర శబ్దం వెనక నుంచి గొంతు రావడం అనేది నాకు చిన్నప్పుడే అలవాటైపోయింది. అందుకేనేమో మ్యూనిక్ వచ్చిన కొత్తలో యూట్యూబ్ లో ఏదో వెతుకుతుంటే ఎన్రికో కరూసో అని వందేళ్ల కిందటి ఇటలీ ఒపెరా (పాటలతో నడిచే నాటకం) గాయకుడి పాట ఒకటి తగిలితే, భాష ముక్క అర్థం కాకపోయినా ఆపబుద్ధి కాలేదు. మా ఆవిడైతే వంటింట్లోంచి "ఏంటది, వడియాలు వేగుతున్నట్టుంది" అంది. నిజమే, మొదటి రెండు నిమిషాలు వడియాలే వినిపిస్తాయి, తర్వాత చెవి దాన్ని పక్కకి నెట్టేస్తుంది.

మొన్న వారం రోజులు సెలవు దొరికితే ఈ కరూసో పిచ్చి తీర్చుకుందామని ఇటలీ వెళ్లాం. తను షాపింగ్ కి అని ఒప్పుకుంది, ఆ సంగతి నాకూ తెలుసు తనకీ తెలుసు.

శనివారం మిలాన్. లా స్కాలా ఒపెరా థియేటర్ పక్కనున్న మ్యూజియం గబగబా చూసేసి (జనం బాగా ఉన్నారు, పెయింటింగులు చాలా ఉన్నాయి, నా పని అక్కడ కాదు) మాంజోనీ వీధిలో గ్రాండ్ హోటల్ ఎ ద మిలాన్ కి నడిచాం, ఐదారు నిమిషాలే. ఒపెరాలు రాసిన వెర్డి చాలా ఏళ్లు మిలాన్ వస్తే దిగింది ఇక్కడే, 1901 జనవరిలో పోయింది కూడా ఇక్కడే, ఆయన మంచాన ఉన్నప్పుడు గుర్రబ్బళ్ల చప్పుడు వినపడకుండా కింద వీధిలో గడ్డి పరిచారట. నేను వెళ్లింది మాత్రం దాని తర్వాత ఏడాదికి జరిగిన సంగతి కోసం. 1902 ఏప్రిల్ లో, 11వ తారీఖని చెప్తారు, గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఈ హోటల్ గదిలో రికార్డింగు సామాను దించాడు. అప్పటికి కరూసోకి 29 ఏళ్లు, లా స్కాలాలో ఫ్రాంకెట్టి రాసిన కొత్త ఒపెరా ఒకటి పాడుతున్నాడు. పది పాటలకి వంద పౌన్లు అడిగాడు. లండన్ ఆఫీసు వాళ్లు అంత ఇవ్వొద్దు, రికార్డు చెయ్యొద్దు అని టెలిగ్రాం కొట్టారని, గైస్‌బర్గ్ దాన్ని జేబులో పెట్టుకుని పని కానిచ్చేశాడని కథ. పదీ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయంటారు!

హోటల్ లాబీలో ఒక కాఫీ చెప్పి కూర్చున్నాం, ఆ రేటుకి తెనాలిలో వారం టిఫిన్లు అయిపోతాయి, అయినా కూర్చున్నాం. నేను పైన ఏదో ఒక గదిలో ఆ సెటప్ ఎలా ఉండుంటుందా అని ఊహించుకుంటున్నా. రికార్డింగుకి మైకు లేదు, కరెంటు లేదు, 1925 దాకా ఎవరికీ లేదు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రేకు బాకా ఒకటి, దాని చివర పల్చటి పొర, దానికి ముల్లు, ఆ ముల్లు కింద తిరిగే మైనం బిళ్ల, అంతే. గొంతు బలమే ముల్లుని కదిలించి మైనంలో గీత గియ్యాలి. పియానో శబ్దం బాకాలోకి అందాలి కాబట్టి దాన్ని పెట్టెల మీదకెక్కించారు, వాయించేవాడు పైన, పాడేవాడు కింద. పై స్థాయికి వెళ్లేటప్పుడు పాడేవాళ్లు కాస్త వెనక్కి జరగాలి, లేకపోతే ముల్లు ఎగిరిపడి ప్లేటు పాడు. ఆడవాళ్ల పై స్వరాలు, వయొలిన్లు ఆ బాకాకి సరిగ్గా ఎక్కేవి కావు, సన్నగా పీలగా వచ్చేవి. కరూసో గొంతు మాత్రం, ఆ మగగొంతు మధ్యస్థాయి బరువు, దానికి అచ్చంగా సరిపోయింది. అందుకే నా ఉద్దేశంలో అతను అదృష్టవంతుడు కూడా. అతనికంటే ముందు తరం వాళ్లు, వెర్డి ఒథెల్లోని 1887లో మొదట పాడిన తమాన్యో లాంటి వాళ్లు, రికార్డింగు వచ్చేసరికి వయసు మీదపడి ఉన్నారు. తమాన్యో 1903లో ఇచ్చిన ప్లేట్లు వింటే ఆ గొంతు గదిలో పట్టట్లేదని తెలుస్తూనే ఉంటుంది, అలాంటిది వయసులో ఉన్నప్పుడు ఎలా ఉండేదో మరి.

మా ఆవిడకి ఇదంతా చెప్తుంటే ఫోన్ చూసుకుంటోంది, ఒక్క సంగతికి మాత్రం తలెత్తింది. ఇదే గైస్‌బర్గ్ అదే ఏడాది నవంబర్ లో కలకత్తాలో ఉన్నాడు, మళ్లీ హోటల్ గదే, మళ్లీ బాకానే, ఈసారి దాని ముందు కలకత్తా గాయని గౌహర్ జాన్. పాట చివర "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని తనే గట్టిగా చెప్పేది, ఎందుకంటే ప్లేట్లు అచ్చు వేసేది జర్మనీలో హానోవర్ లో, అక్కడివాళ్లకి ఎవరి పాటో తెలియాలిగా. "అంటే మన దగ్గరికి కూడా ఈయనే వచ్చాడా" అంది. ఆయనే.

సాయంత్రం బ్వొనరోతి చౌరస్తాలో కాసా వెర్డి చూశాం. ముసలి సంగీతకారుల కోసం వెర్డి సొంత డబ్బుతో కట్టించిన ఇల్లు, తను పోయేదాకా తెరవొద్దన్నాడట, ఎవరైనా థాంక్స్ చెప్పడానికి వస్తారేమోనని. ఇప్పటికీ నడుస్తోంది. వెర్డిదీ భార్యదీ సమాధులు లోపలే. మేం వెళ్లినప్పుడు పైన ఏదో గదిలో ఎవరో పియానో మీద ఒకే ముక్క మళ్లీ మళ్లీ వాయిస్తున్నారు, పది నిమిషాలు విన్నాం, తప్పు సరికాలేదు.

ఆదివారం నవీల్యో కాలవ ఒడ్డున పాత సామాన్ల సంత. నెలలో ఆఖరి ఆదివారం పెడతారు, నేను దాన్ని చూసుకునే టికెట్లు తీశా (ఇది ఇంట్లో చెప్పలేదు). ఇత్తడి దీపాలు, కుర్చీలు, ఎవరివో పెళ్లి ఫోటోలు, వాటి మధ్య ఒక ముసలాయన దగ్గర అట్టపెట్టెలో ప్లేట్లు. ఎర్ర లేబుల్, అదే కుక్క, అదే బాకా, కానీ పేరు ఇటాలియన్ లో, లా వోచే దెల్ పద్రోనే. నాకు ఒక్క క్షణం తాతయ్య పక్కన నిలబడ్డట్టే అనిపించింది. వెతగ్గా వెతగ్గా దొరికింది, కరూసో, "ఊనా ఫుర్తీవా లాగ్రిమా", 1911లో పాడినది, పన్నెండు అంగుళాల ప్లేటు. చేతిలోకి తీసుకుంటే అత్తెసరు గిన్నె మూతంత బరువు. వెనక్కి తిప్పితే ఏమీ లేదు, నున్నగా నల్లగా ఖాళీ! ఒకవైపే పాట. ఆ రోజుల్లో పెద్ద గాయకుల ప్లేట్లు అలాగే అమ్మేవాళ్లు. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడింది, లోపల బూడిదరంగు పొడిలా కనిపించింది, అది రాతిపిండి. దాన్ని కలిపి పట్టి ఉంచేది లక్క. ఆ లక్క అప్పట్లో ప్రపంచానికంతా ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. మన ఏటికొప్పాక బొమ్మలకి రంగు పూసే లక్కే, ఇక్కడ కరూసోని మోస్తోంది. ముసలాయన ముప్ఫై యూరోలన్నాడు, మా ఆవిడ వేళ్లు చూపించి ఇరవైకి దించింది, అందులో తనకి డిగ్రీ ఉంది.

సోమవారం నేపుల్స్ ట్రైన్, నాలుగున్నర గంటలు పైనే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పాటనే మూడు రకాలుగా విన్నా. 1902ది హోటల్ గదిలోది, లేత గొంతు, కుర్రాడు, పియానో వాడికేదో తొందర. 1904ది అమెరికాలో, రెండు ప్లేట్లకి విడగొట్టి పాడాడు కాబట్టి తీరిగ్గా ఊపిరి తీసుకుని, గొంతు వెన్నలా వంగుతుంది, చివర రాగం తీసేదగ్గర అయితే మా తెనాలి వాళ్లు ఉంటే వన్స్ మోర్ కొట్టి పద్యం మళ్లీ పాడించేవాళ్లు. 1911కి ఆర్కెస్ట్రా వచ్చింది, గొంతుకి 1909లో ఆపరేషన్ కూడా అయ్యింది, బొంగురు కాదు గానీ ముదురు తేలింది, బెల్లం పాకంలా. నాకు 1904దే ఇష్టం, కానీ కొన్నది 1911ది, దొరికింది అదే మరి. ఇంకో మాట, 1932లో పాత కరూసో ప్లేట్ల మీద కొత్త ఆర్కెస్ట్రా అతికించి మళ్లీ అమ్మారు, అవి వినకండి. గొంతు ఒక గదిలో, వాయిద్యాలు ఇంకో గదిలో, ఎవరి దారి వాళ్లది.

నేపుల్స్ లో ప్లెబిషితో చౌరస్తాలో నిలబడితే అతని కథ మొత్తం అక్కడే అయిపోతుంది. ఓ మూలన శాన్ కార్లో థియేటర్, 1737 నాటిది, లా స్కాలా కంటే నలభై ఏళ్లు పెద్దది. 1901 డిసెంబర్ లో సొంతూరి కుర్రాడు ఇక్కడ పాడితే, అది కూడా ఈ పాట ఉన్న ఒపెరానే, ఊళ్లో విమర్శకులు చప్పగా రాశారు. ఇంక ఈ ఊళ్లో పాడనని ఒట్టు పెట్టుకున్నాడు, పాడలేదు కూడా. తినడానికి వస్తా గానీ పాడటానికి రానన్నాడని చెప్పుకుంటారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా కంపెనీతో ఎనిమిది వందల పైచిలుకు సార్లు పాడినవాడు, పుట్టిన ఊళ్లో మళ్లీ నోరు విప్పలేదు. 1921 ఆగస్టు 2న, 48 ఏళ్లకి, సముద్రం ఒడ్డున హోటల్ లో పోతే, అంత్యక్రియలు ఇదే చౌరస్తాలో రాజుగారి చర్చిలో చేశారు. చర్చికి ఎదురుగా రాజభవనం, అందులోనే 2023లో కరూసో మ్యూజియం పెట్టారు. శాన్ కార్లోకి ఆనుకునే ఉంది.

మంగళవారం పొద్దున్నే శాంతా మారియా దెల్ పియాంతో శ్మశానానికి వెళ్లాం. చిన్న గుడి లాంటి సమాధి, తలుపు మూసి ఉంది. పోయాక కొన్నేళ్లపాటు అద్దం పెట్టెలో అందరికీ కనపడేలా ఉంచారట, చివరికి భార్య డొరొథీ ఇంక చాలని మూయించింది. అది చదివినప్పటి నుంచీ నాకు ఒళ్లు ఒకలా ఉంటుంది, తలుపు మూసి ఉన్నందుకు మంచిదే అనుకున్నా.

బుధవారం మ్యూజియానికి వెళ్తే గేటు దగ్గర సెలవు బోర్డు. బుధవారాలు మూత. మూడు వారాలు ప్లాన్ చేసి ఇదొక్కటి చూసుకోలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు, పిజ్జా తిందాం పద అంది, అనకపోవడమే ఎక్కువ.

గురువారం ఫ్లైట్ కి ముందు పరుగెత్తి చూశాం. పాత గ్రామఫోన్లు, వేషాల బట్టలు, ఉత్తరాలు, అతను వేసిన కార్టూన్లు (బొమ్మలు నిజంగా బాగా వేసేవాడు, తన మీద తనే వేసుకున్నవి ఇంకా బాగుంటాయి). పాట వినిపిస్తోంది, వడియాలు తీసేసి శుభ్రం చేసిన ఆడియో. నాకు అంత నచ్చలేదు. తనకి నచ్చింది.

ప్లేటుని తన చున్నీలో చుట్టి బ్యాగులో బట్టల మధ్య పెట్టాం, ఎయిర్‌పోర్టులో తెరిచి చూపించమన్నారు, చూపించాం, ఇంటికి పగలకుండా వచ్చింది. దాన్ని పెట్టే మెషీన్ మా దగ్గర లేదు. రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి చూపిస్తే, కుక్క బొమ్మ దగ్గరికి పెట్టమన్నారు, కాసేపు చూశారు. తాతయ్య గ్రామఫోన్ ఉందా అంటే అటక మీద ఉంది గానీ స్ప్రింగు తెగిందిరా, బాగుచేసే సాయిబుగారు పోయి చాలా ఏళ్లయింది అన్నారు. సంక్రాంతికి తెస్తానంటే, "తే, ముందు స్ప్రింగు సంగతి విజయవాడలో ఎవరినైనా అడుగుతా, చేతులు మాత్రం కడుక్కుని పట్టుకో" అన్నారు.