కౌగిలి తప్ప ఇవ్వడానికి ఏమీ లేని రోజు

మంగళవారం పొద్దున మా వీధి చివర ఆంజనేయస్వామి గుడిలో ఆకుపూజ జరుగుతుంది. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన తమలపాకుల్ని పూజారిగారు ఒక్కొక్కటే విడదీసి, నలిగినవి పక్కన పెట్టి, మంచివి పళ్లెంలో పేరుస్తారు. మొత్తం 108. స్వామికి ఈ ఆకులే ఎందుకని చిన్నప్పుడు అమ్మమ్మని అడిగాను. రాముడి కబురు తెచ్చిన హనుమంతుడికి ఏదో ఒకటి ఇవ్వాలని సీతమ్మ తల్లికి అనిపించిందట. అశోకవనంలో ఆవిడ దగ్గర ఏముంటుంది? పక్కనే పాకుతున్న తమలపాకు తీగ తెంపి మెడలో వేసిందట. వాల్మీకి రామాయణంలో ఈ ముచ్చట లేదు. కానీ ఇదే మనసు అందులో రాముడి దగ్గర కనిపిస్తుంది.

సుందరకాండ పారాయణ చేసేటప్పుడు మేము 68వ సర్గ పూర్తిచేసి, పట్టాభిషేకం చదువుకుని హారతి ఇచ్చేస్తాం. మధ్యలో ఒక్క పేజీ తిప్పితే యుద్ధకాండ మొదటి సర్గ ఉంటుంది. చాలా ఏళ్లు దాన్ని నేను దాటేశాను. హనుమంతుడు చెప్పిందంతా రాముడు విన్నాక ఏమన్నాడో ఉన్నది అక్కడే.

మనసులో కూడా ఇంకెవరూ తలపెట్టలేని పని హనుమంతుడు చేశాడు అంటాడు. గరుత్మంతుడు, వాయుదేవుడు కాక ఆ సముద్రాన్ని దాటగలవాడు ఇతనే అంటాడు. దేవతలకు కూడా చొరరాని లంకకు వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చాడు అంటాడు. ‘బాగా చేశావయ్యా’ అని ఒక్క ముక్కతో సరిపెట్టలేదు చూడండి, ఏం చేశాడో, అది ఎంత కష్టమో పేరుపేరునా చెప్పాడు. హనుమంతుడు సుగ్రీవుడి పని నెరవేర్చాడని కూడా అన్నాడు. పంపిన సుగ్రీవుణ్ణీ మర్చిపోలేదు. ఆ తర్వాతి మాట చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. సీత జాడ తెలియడం వల్ల నేనూ, లక్ష్మణుడూ, రఘువంశమూ ఈ రోజు నిలబడ్డాం అంటాడు. సాయం చేసినవాడికి ఇంతకన్నా ఏం వినాలనిపిస్తుంది?

అప్పుడు రాముడికి ఒక దిగులు. ఇంత ప్రియమైన కబురు తెచ్చినవాడికి తగినది ఏదీ ఇవ్వలేకపోతున్నానే అని. తనను తాను ‘దీనుడు’ అనుకుంటాడు. రాజ్యం లేదు, కోశం లేదు, ఒంటి మీద నారబట్టలు.

ఏష సర్వస్వభూతస్తు పరిష్వంగో హనూమతః
మయా కాలమిమం ప్రాప్య దత్తస్తస్య మహాత్మనః

ఈ సమయంలో నా సర్వస్వం ఈ కౌగిలే, ఈ మహాత్ముడికి అదే ఇస్తున్నాను అని, ఒళ్లు పులకరిస్తుండగా హత్తుకున్నాడు.

వెంటనే సముద్రం గుర్తొచ్చింది. వెతకడం బాగానే జరిగింది, కానీ సాగరాన్ని తలచుకుంటే నా మనసు మళ్లీ కుంగిపోతోంది అంటాడు. అంటే ఆ టెన్షన్ అంతా ముందునుంచీ ఉన్నదే. దాన్ని కాసేపు ఆపి, ముందు ఎదురుగా నిలబడ్డవాడికి చెప్పాల్సింది చెప్పాడు.

నేను అలా చెయ్యలేదు. మొన్న మార్చి నెలాఖరున ఆఫీసులో ఆడిట్‌కి ఒక పాత ఫైలు కావాల్సి వచ్చింది. మా అటెండరుగారు రికార్డు రూములో రెండు గంటలు వెతికి తెచ్చారు. చొక్కా చేతుల నిండా బూజు, కనుబొమల మీద దుమ్ము. ఫైలుని తన తువ్వాలుతో తుడిచి మరీ బల్ల మీద పెట్టారు. నేను తల కూడా ఎత్తలేదు. “దీనితో పాటు ఇంకోటి ఉండాలండీ, చూడండి” అన్నాను. ఆయన మళ్లీ వెళ్లారు.

ఆ రాత్రి పారాయణలో ఆ పేజీ దాటలేకపోయాను. వాల్మీకి నారదుణ్ణి అడిగిన మొట్టమొదటి ప్రశ్న గుర్తొచ్చింది. ‘ధర్మజ్ఞశ్చ కృతజ్ఞశ్చ సత్యవాక్యో దృఢవ్రతః’, ఇలాంటివాడు ఈ లోకంలో ఇప్పుడు ఎవరున్నారని. ఆ వరుసలో కృతజ్ఞుడు అన్న మాట సత్యవాక్యుడి కన్నా ముందే వస్తుంది. ఎన్నోసార్లు చదివిన శ్లోకమే. ఆ రాత్రి మాత్రం బల్ల మీద ఫైలు తుడుస్తున్న తువ్వాలు కళ్ల ముందు కదిలింది.

మర్నాడు అందరం టీ తాగుతున్నప్పుడు లేచి చెప్పాను. నిన్న ఆ రెండు ఫైళ్లు దొరక్కపోతే మేమంతా సంజాయిషీ రాసుకుంటూ కూర్చునేవాళ్లం, ఈయన దుమ్ములో రెండు పూటలు నిలబడి మమ్మల్ని గట్టెక్కించారు, నిన్ననే చెప్పాల్సింది, చెప్పలేదు అని. ఆయన “అది నా పనే కదమ్మా” అన్నారు. కానీ కప్పు కింద పెట్టి, చాలాసేపు మళ్లీ తియ్యలేదు.

తర్వాతి మంగళవారం ఆకుపూజలో మా ఇంట్లోవాళ్ల పేర్లన్నీ అయ్యాక ఆయన పేరు కూడా చెప్పాను. పూజారిగారు పళ్లెంలోంచి ఆకు తీస్తూ, “గోత్రం?” అన్నారు. ఆరేళ్లుగా ఆయన అందించిన టీ తాగుతున్నాను, నాకు తెలియదు. “పరవాలేదమ్మా, పేరు చాలు” అని, పేరు చదివి, ఆ ఆకు స్వామి పాదాల దగ్గర ఉంచారు.