గాజు మీద గీత

మొన్న షిఫ్టులో మా సూపర్‌వైజర్ నా చేతిలోంచి, నీళ్ల మసక కొలవడానికి వాడే శాంపిల్ సీసా తీసుకున్నాడు. లైటుకి ఎదురుగా పెట్టి ఒకసారి తిప్పి చూసి చెత్తబుట్టలో పడేశాడు. "గీత పడింది, దీంతో రీడింగ్ తీయొద్దు" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. అయినా రాత్రంతా ఆ మాట గుచ్చుతూనే ఉంది.

ఆ గీత నాకు తెలియంది కాదు. సన్న గీతలకి సిలికాన్ నూనె ఒక చుక్క రాసి, పోగులు రాలని గుడ్డతో తుడిస్తే చాలు. ఇండియాలో ల్యాబ్‌లో ఉన్నప్పుడు మేం సీసాని కొంచెం కొంచెం తిప్పుతూ, అన్నిటికంటే తక్కువ రీడింగ్ వచ్చిన చోట గుర్తు పెట్టి, ప్రతిసారీ అదే వైపు మీటరులో దించేవాళ్లం. పనికొచ్చే వస్తువుని జాగ్రత్తగా వాడుకోవడం నిర్లక్ష్యం ఎలా అవుతుంది?

కోపం తగ్గాక లెక్క వేసుకున్నాను. టర్బిడిటీ (నీళ్ల మసక) మీటరు కొలిచేది నలకలకి తగిలి 90 డిగ్రీల పక్కకి చెదిరిన కాంతిని. ఆ కాంతిని చెదరగొట్టింది నలకా, గాజు మీద గీతా అన్నది దానికి తెలీదు. మన తాగునీటి ప్రమాణంలో హద్దు 1 ఎన్‌టీయూ (మసకని కొలిచే యూనిట్), వేరే నీళ్లు దొరకనప్పుడు 5 దాకా. ఇక్కడ అమెరికాలో ఫిల్టరు దాటిన నీళ్లకి నెలలో 95 శాతం రీడింగులు 0.3 లోపే ఉండాలి. గీత వల్ల 0.1 కలిసిందనుకోండి, 5 దగ్గర దాన్నెవరూ పట్టించుకోరు. 0.3 దగ్గర అదే మూడో వంతు.

వీళ్ల భయానికి కారణమూ ఉంది. 1993లో ఇక్కడి మిల్వాకీ నగరంలో శుద్ధి చేసిన నీళ్ల టర్బిడిటీ 1.7 దాకా పోయింది. నీళ్లలో వచ్చిన క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వల్ల సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారని అంచనా. నీళ్లు మసకగా ఉన్నాయని కంటికి తెలియాలంటే 4 దాకా రావాలి. 1.7 అంటే గ్లాసులో తేటగానే కనపడతాయి.

ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ఇంత తేట నీళ్ల దగ్గర గీత రీడింగుని పెంచుతుంది. మంచి నీళ్లని చెడ్డవని చూపిస్తుందేమో గాని, చెడ్డవాటిని మంచివని చూపించదు. పైగా కొత్త సీసా గాజు కూడా చుట్టూ ఒకేలా ఉండదు. ఆయన డబ్బాలోంచి కొత్తది తీసి, ఏ గుర్తూ పెట్టకుండానే మీటరులో దించాడు. నన్ను ఇంకా బాధపెడుతున్నది అదే. వచ్చే షిఫ్టులో ఆ డబ్బాలో సీసాలన్నీ తిప్పి చూసి, గుర్తులు నేనే పెడతాను. ఎందుకని అడిగితే ఆయనకి రీడింగులు చూపిస్తాను.