మొగలి వాసన కొవ్వొత్తి అడుగుదాకా సమంగా కాలాలంటే: నా అనుభవం

ఒడిశాలోని మా గంజాం జిల్లాలో మొగలి వాసన తెలియని ఇల్లుండదు. వానలు పడగానే ఛత్రపురం వైపు నుంచి, సముద్రపొడ్డు ఊళ్ల నుంచి మొగలిపొత్తులు మా ఊరు బరంపురం వస్తాయి. శివపూజకు పనికిరాదంటారు గానీ, జడలో మొగలిరేకు పెట్టుకోవడమంటే మా ఇంటి ఆడవాళ్లందరికీ ఇష్టమే. ఆ పూల నుంచి తీసే సువాసన తైలం గంజాం కేవడా రూహ్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. పూత కాలం అయిపోయాక కూడా ఆ వాసన ఇంట్లో ఉండాలన్న ఆశతో, గాజు సీసాలో పోసిన మొగలి వాసన కొవ్వొత్తి ఒకటి కొన్నాను. ధర చూస్తే మామూలు కొవ్వొత్తుల కట్టలు ఎన్నో వచ్చేవి. అందుకే అగ్గిపుల్ల గీయకముందే దీని పద్ధతేమిటో పూర్తిగా తెలుసుకోవాలనుకున్నాను.

మాకు కొవ్వొత్తి అంటే తుపాను సామాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, కరెంటు వచ్చేదాకా తెల్ల కొవ్వొత్తులతోనే రాత్రుళ్లు గడిపాం. వాటికి చేసే సేవ ఏముంటుంది? సాసర్లో రెండు చుక్కలు కార్చి నిలబెడితే సరిపోతుంది. సీసాలో పోసిన వాసన కొవ్వొత్తి సంగతి వేరు. దీంట్లో పరిమళం ముఖ్యంగా మంట నుంచి రాదు, మంట చుట్టూ కరిగి నిలిచిన మైనం నుంచి వస్తుంది. వేడికి కరిగిన మైనం వత్తి గుండా పైకి పాకి, ఆవిరై మండుతుంది. చుట్టూ మిగిలిన కరుగు మీద నుంచి సువాసన నూనె మెల్లగా గాలిలో కలుస్తుంది. అంటే కరుగు ఎంత విశాలంగా ఉంటే వాసన అంత బాగా వస్తుంది. ఇది తెలిశాక మిగతా జాగ్రత్తలు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం మొదటిసారి వెలిగించడం. కరిగిన మైనం నాలుగు వైపులా సీసా గోడను తాకేదాకా ఆర్పకూడదు. అంగుళం వెడల్పుకు గంట అని ఒక లెక్క ఉంది. నా సీసా మూడు అంగుళాలు, కాబట్టి మూడు గంటలు. తొందరపడి ముందే ఆర్పేస్తే, మరుసటిసారి కూడా మైనం చాలావరకు మొదట కరిగిన గుండ్రటి హద్దు దాకానే కరుగుతుంది. అలా వెలిగించినప్పుడల్లా మధ్యలో గొయ్యి లోతవుతూ, చుట్టూ మైనం గోడలా నిలిచిపోతుంది. అందుకని వంటపని ముగిసి, నేను ఇంట్లోనే కూర్చునే ఆదివారం సాయంత్రం చూసుకుని వెలిగించాను. అలాగని గంటల తరబడి వదిలేయనూ కూడదు. ఒక విడతకు నాలుగు గంటలు దాటితే సీసా మరీ వేడెక్కుతుంది, వత్తి కొసన కొడి, అంటే నల్లటి మసి ముద్ద, కడుతుంది.

ఇక ఫ్యాను. బరంపురం ఉక్కపోతలో ఫ్యాను ఆపమంటే ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు? "వాసన కోసం చెమటలు కక్కాలా అమ్మా?" అన్నారు అత్తయ్య. ఆవిడ మాటా న్యాయమే. కానీ ఫ్యాను గాలికి మంట ఒక పక్కకు వాలుతుంది, మైనం ఆ పక్కే కరుగుతుంది, సీసా అంచున నల్లగా మసి పడుతుంది. మంట వల్ల ఆ పక్క గాజు అతిగా వేడెక్కి చిట్లే ప్రమాదమూ ఉంది. చివరికి మా ఇంట్లో కుదిరిన ఏర్పాటు ఇది: అందరూ ముందు గదిలో ఫ్యాను కింద ఉన్నప్పుడు నేను పడకగదిలో వెలిగిస్తాను. తలుపు కాస్త తెరిచి, కొవ్వొత్తి కనిపించే చోటే కూర్చుంటాను. పడుకునే ముందు ఆర్పేసి ఫ్యాను వేస్తాను. వాసన గదిలో చాలాసేపు నిలుస్తుంది. గోడలో దీపపు గూడు ఉందిగా, అందులో పెట్టమని ఆడపడుచు సలహా ఇచ్చింది. పైన కప్పు తక్కువ ఎత్తులో ఉన్న చోట వేడి నిలిచిపోతుంది, మసి పడుతుంది. కాబట్టి వద్దన్నాను. కర్టెనుకు దూరంగా, స్టీలు పళ్లెంలో, చదునైన బల్ల మీద పెడతాను.

వత్తి పొడవు పావు అంగుళం, అంటే దాదాపు బియ్యపు గింజంత ఉండాలి. అంతకన్నా పొడవుంటే మంట పెద్దదై ఎగిరెగిరి పడుతుంది, పొగ వస్తుంది. మరీ కురచైతే కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది. ప్రతిసారీ వెలిగించే ముందు, మైనం చల్లగా గట్టిపడి ఉన్నప్పుడు, వత్తి కొసన పుట్టగొడుగులా ఉబ్బిన నల్లటి కొడిని గోళ్ల కత్తెరతో తీసేస్తాను. ఆ ముక్కలు లోపల పడితే ఏరేయాలి, లేకపోతే అవి కూడా అంటుకుంటాయి. సీసా సగం ఖాళీ అయ్యాక గోళ్ల కత్తెర అందదు, పొడవాటి కత్తెర కావాలి.

దీపాన్ని నోటితో ఊదకూడదని అత్తయ్య పట్టింపు. ఈ కొవ్వొత్తికీ అదే మంచిది. ఊదితే పొగ కమురు వాసన గదంతా నిండి, అప్పటిదాకా వచ్చిన పరిమళం పాడవుతుంది. వేడి మైనం చిందే అవకాశమూ ఉంది. చెంచా కాడతో వత్తిని కరిగిన మైనంలోకి వంచి, వెంటనే నిటారుగా లేపేస్తే పొగ దాదాపు రాదు. పైగా వత్తికి మైనం పూత పడి మళ్లీ తేలిగ్గా అంటుకుంటుంది. చల్లారి గట్టిపడ్డాక మూత పెట్టాలి. మూత లేకపోతే దుమ్ము పడుతుంది, పరిమళం వృథాగా పోతుంది.

వాసన ఇంకాస్త రావాలంటే కరుగులో నాలుగు చుక్కలు మొగలి నీళ్లు పోయమని కూడా అత్తయ్య అన్నారు. ప్రేమతో చెప్పిన మాటే గానీ, ఇది మాత్రం అస్సలు చేయకూడదు. మొగలిపూలను నీళ్లలో మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్లవి, మిఠాయిల్లోకి వాడేవి. నీళ్లు మైనంలో కలవవు. బరువు కాబట్టి అడుక్కి చేరి, వేడెక్కి, చిటపటమని మైనాన్ని పైకి చిమ్ముతాయి. అత్తరు పోసినా ప్రమాదమే, మంట ఒక్కసారిగా ఎగసిపడవచ్చు. కొవ్వొత్తి మండుతున్నప్పుడు అందులో ఏదీ వేయకూడదు, అంతే. మంట పెరిగితే నీళ్లు చల్లడం మరీ ప్రమాదం. సీసాను ముట్టుకోకుండా, దొరికితే లోహపు మూతతో కప్పేయాలి.

మా ఆడపడుచు ఇంట్లో ఒక సీసా మధ్యలో గొయ్యి పడి, వత్తి లోపలికి పోయి మూల పడి ఉంది. దాన్ని తెచ్చి బాగుచేశాను. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను సీసా మూతి చుట్టూ గొడుగులా కప్పి, మధ్యలో మంటకు గాలి ఆడేంత ఖాళీ వదిలాను. ఆ వేడి లోపలే నిలిచి, అంచున మిగిలిన మైనపు గోడ మెల్లగా జారి కరుగులో కలిసింది. చివరికి పైభాగమంతా చదునైంది. అంతసేపూ పక్కనే కూర్చోవాలి. ఫాయిల్ బాగా కాలుతుంది, గుడ్డతో పట్టుకునే తీయాలి.

ఏప్రిల్, మే నెలల్లో సీసాలోని మైనం పైన నూనె చుక్కలు చెమటలా పోస్తాయి. పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు. వేడికి సువాసన నూనె పైకి తేలిందంతే. వెలిగించే ముందు టిష్యూతో అద్దేయాలి. ఎండ తగలని అలమరాలో పెడితే చాలు, ఫ్రిజ్‌లో పెడితే మైనం బీటలు వారుతుంది. సోయా నూనెతో చేసిన మైనం మీద తెల్లటి మంచులాంటి పొర వస్తే అదీ దోషం కాదు.

అడుగున అర అంగుళం మైనం మిగిలినప్పుడు ఆపేశాను. అక్కడికి మంట వస్తే సీసా అడుగు పగలవచ్చు. ఖాళీ చేయడానికి మాత్రం సీసాను కాసేపు ఫ్రీజర్‌లో పెట్టాను. మైనం కుంచించుకుపోయి బిళ్లలా ఊడి వచ్చింది. కరిగించి సింకులో పోస్తే గొట్టంలో గడ్డకడుతుంది. ఆ బిళ్లను కాగితంలో చుట్టి దుప్పట్ల అరలో పెట్టాను. పట్టుచీరల అరలో మాత్రం పెట్టలేదు. బరంపురం పట్టు మీద నూనె మరక పడితే వదిలించడం చాలా కష్టం.